ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, మరి మెడ ఎందుకు తిరగడం లేదు?

ప్రశ్న: మాది చిత్తూరు. నాకు 36 ఏళ్ళు, స్కూల్లో టీచరుగా పని చేస్తున్నాను. పన్నెండు రోజుల కిందట తిరుమల దర్శనం చేసుకొని కార్లో వస్తా ఉంటే, పాకాల దాటినాక స్పీడ్ బ్రేకర్ దగ్గర మా ఆయన స్లో చేసినారు. వెనకనుంచి పాల వ్యాను వచ్చి గుద్దేసింది. నేను ముందు సీట్లో బెల్టు పెట్టుకొనే ఉన్నాను. ఆ రోజు ఏమీ అనిపించలేదు, ఇంటికొచ్చి వంట కూడా చేసినాను. మరునాడు పొద్దున లేస్తే మెడ తిరగలేదు. తల వెనక నుంచి కంటి దాకా పోటు, రెండు రెక్కల మధ్య సలుపు. చేతుల్లో తిమ్మిరి లేదు. ఎక్స్‌రే తీసి ఎముక బాగుంది, మెడ వంపు మాత్రం తగ్గి నిటారుగా ఉంది అన్నారు. మాత్రలు, కాలర్ ఇచ్చినారు. రాత్రీ పగలూ కాలర్‌తోనే ఉన్నాను, తీస్తే భయమేస్తోంది. మా చిన్నమామ పుత్తూరు కట్టు కట్టించమంటారు. మా ఆయన సెలూన్లో మెడ విరిపిస్తే సరిపోతుందంటారు. ఎమ్మారై తీయించాలా? కాలర్ ఎన్ని రోజులు పెట్టుకోవాలి? స్కూలుకు ఎప్పుడు పోవచ్చు? వెనక సీటు మధ్యలో కూర్చున్న మా అత్తమ్మకు కూడా మెడ నొప్పే, ఆమెకు 68 ఏళ్ళు, గుండెకు స్టెంట్ వేసినారు. వయసు నొప్పిలే అని అమృతాంజనం రాసుకుంటున్నారు.

సమాధానం: అమ్మా, మీరు చివర్లో ఒక మాటగా రాసిన విషయం నుంచే మొదలుపెట్టాలి. మీకంటే ముందు డాక్టరు చూడాల్సింది మీ అత్తగారిని. రేపే తీసుకెళ్ళండి.

కారు ప్రమాదం తర్వాత మెడ నొప్పి అన్నవాళ్ళలో ఎవరికి స్కాన్ కావాలి, ఎవరికి అక్కర్లేదు అని తేల్చడానికి డాక్టర్లకు ఒక పద్ధతి ఉంది. అందులో మొదట చూసేది వయసే. 65 దాటితే, గుద్దుడు ఎంత చిన్నదైనా మెడకు స్కాన్ తీస్తారు. ఆ వయసులో ఎముక గుల్లబారి ఉంటుంది. మెడలో పైనుంచి రెండో పూసకు పన్నులాగా పైకి పొడుచుకొచ్చిన ముక్క ఒకటి ఉంటుంది. పెద్దవాళ్ళలో అది చిన్న కుదుపుకే విరగవచ్చు. విరిగినా మనిషి నడుస్తారు, తింటారు, 'కొంచెం పట్టేసినట్టుంది' అంటారు. మామూలు ఎక్స్‌రేలో అది తప్పిపోవడం కొత్త కాదు కాబట్టి ఆమెకు కావలసింది మెడకు సీటీ స్కాన్. మీకు తిరుపతి రుయా, స్విమ్స్, ఇటు వేలూరు సీఎంసీ అన్నీ అందుబాటులోనే ఉన్నాయి. ఓపీలో 'మెడ నొప్పి' అని ఊరుకోకండి. 'కారు ప్రమాదం అయింది, వయసు 68, అప్పటినుంచి మెడ నొప్పి' అని మూడూ చెప్పండి.

స్టెంట్ ఉందన్నారు కాబట్టి రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతూ ఉంటారు. వాటిని మీ అంతట మీరు ఆపకండి, ఆపితే గుండెకే ముప్పు. అయితే ఆ మాత్రలు వాడే పెద్దవాళ్ళకు తల బలంగా ఊగినా లోపల నెమ్మదిగా రక్తం చేరే అవకాశం ఉంది. అది ప్రమాదమైన కొన్ని వారాలకు కూడా బయటపడుతుంది. రోజురోజుకూ పెరిగే తలనొప్పి, మగత, మాట తడబాటు, నడకలో తూలుడు, ఎప్పుడూ లేని మతిమరుపు కనిపిస్తే ఆ పూటే తీసుకెళ్ళాలి. ఇంకో జాగ్రత్త. మీకు రాసిచ్చిన నొప్పి మాత్రలు ఆమెకు ఇవ్వకండి. డైక్లోఫినాక్, ఏసిక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఆ గుండె మాత్రలతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు, గుండెకూ మంచివి కావు. స్కాన్ అయ్యేదాకా మెడకు మర్దన వద్దు, బరువులు వద్దు, మెడను బలవంతంగా నిటారుగా పెట్టడమూ వద్దు. ఆమెకు హాయిగా ఉన్న తీరులోనే ఉండనివ్వండి. చేతులో కాళ్ళో మొద్దుబారినా, బలం తగ్గినా మీరు ఎత్తి కార్లో ఎక్కించే ప్రయత్నం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక మీ సంగతి. ఎక్స్‌రే బాగుంది కాబట్టి నొప్పి ఉత్తదే అని ఎవరైనా అంటే నమ్మకండి. ఎక్స్‌రేలో కనిపించేది ఎముక. మీకు దెబ్బ తగిలింది ఎముకకు కాదు.

వెనకనుంచి బండి గుద్దినప్పుడు సీటు మీ వీపును ఒక్కసారిగా ముందుకు తోస్తుంది. నాలుగున్నర, ఐదు కిలోల బరువున్న తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. వీపు ముందుకు జరిగి తల వెనకబడిన ఆ క్షణంలో మెడ కింది భాగం వెనక్కి, పై భాగం ముందుకు వంగి పాములా మెలిక పడుతుంది. ఇదంతా సెకనులో పదో వంతులో అయిపోతుంది. మెడ కండరాలు బిగుసుకుని కాపాడేలోపే జరిగిపోతుందన్నమాట. ఆ తర్వాతే తల వెనక్కి వాలి, మళ్ళీ ముందుకు విసురుగా వస్తుంది. కొరడా విదిలింపును పోలి ఉంటుంది కాబట్టే దీనికి విప్‌లాష్ అని పేరు. ఆ మెలికలో నలిగేవి ఒక్కో పూసకూ వెనకవైపు రెండు పక్కలా ఉండే చిన్న కీళ్ళు, వాటి చుట్టూ ఉండే పొర, కండరాలు, నరాల మొదళ్ళు. మెడ పైభాగంలోని కీళ్ళు నలిగితే నొప్పి తల వెనకనుంచి కంటి దాకా పాకుతుంది. కింది కీళ్ళు నలిగితే రెక్కల మధ్య సలుపుతుంది. మీరు రాసిన రెండు చోట్లూ ఇవే.

ఆ రోజు వంట చేయగలిగి మరునాడు మెడ తిప్పలేకపోవడంలో కూడా వింత లేదు. నలిగిన పొరలో వాపు చేరడానికి కొన్ని గంటలు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. వెంటనే వచ్చిన నొప్పికంటే ఆలస్యంగా మొదలైన నొప్పిలో ఎముక విరిగి ఉండే అవకాశం తక్కువ, ఇది మీకు ధైర్యం కలిగించే విషయమే. కారు బంపరు పెద్దగా నొక్కుకోలేదు కదా, మెడకెందుకు నొప్పి అని అడిగేవాళ్ళు ఉంటారు. బంపరుకూ మెడకూ లెక్క కుదరదు, నెమ్మదిగా తగిలిన బండితో కూడా ఇది వస్తుంది.

'మెడ వంపు తగ్గింది' అన్న మాట మిమ్మల్ని బాగా కలవరపెట్టినట్టుంది. కండరాలు బిగుసుకుంటే వంపు తగ్గుతుంది. ఎక్స్‌రే తీసేటప్పుడు గడ్డం కాస్త దించినా తగ్గుతుంది. ఏ నొప్పీ లేని చాలామందికి కూడా మెడ అలాగే ఉంటుంది. దాన్ని సరిచేయాల్సిన జబ్బుగా తీసుకోకండి.

ఎమ్మారై ఇప్పుడు మీకు అక్కర్లేదు. కింద రాసినవాటిలో ఒక్కటి కనిపించినా మాత్రం మాట మారుతుంది. చేతిలో తిమ్మిరి లేదా బలం తగ్గడం: బొటనవేలు, చూపుడువేలు వైపు అయితే ఒక నరం, మధ్యవేలు అయితే ఇంకొకటి, చిటికెనవేలు వైపు అయితే మరొకటి, కాబట్టి ఏ వేలు అన్నది గుర్తుపెట్టుకుని చెప్పండి. తల వంచగానే వెన్నులో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం. జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోవడం, నడిస్తే కాళ్ళు తడబడటం, మూత్రం రాకుండా బిగుసుకుపోవడం. ఇవి వెన్నుపాము మీద ఒత్తిడికి గుర్తులు, వీటికి రేపటిదాకా ఆగకూడదు. మెడ వెనక సరిగ్గా మధ్యలో ఎముక మీద నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా, భుజం వైపు సగం దూరం కూడా, అంటే 45 డిగ్రీలు తల తిప్పలేకపోయినా మళ్ళీ చూపించుకోండి. పన్నెండు రోజులకు సగం అయినా తిరగాలి.

మెడలో మెదడుకు వెళ్ళే రక్తనాళాలు కూడా ఉన్నాయి. ప్రమాదంలో వాటి లోపలి పొర చిరగడం చాలా అరుదు, కానీ తెలిసి ఉండాలి. ఒకవైపే కొత్తగా వచ్చిన తీవ్రమైన మెడ నొప్పి, ఒక కనురెప్ప వాలిపోవడం, రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, మూతి వంకర పోవడం వీటి గుర్తులు. ఇవి ప్రమాదమైన కొన్ని రోజుల తర్వాత కూడా రావచ్చు. నిమిషాల్లో ఆసుపత్రికి చేరాల్సిన పరిస్థితి ఇది.

అందుకే సెలూన్లో మెడ విరిపించడం మీ విషయంలో ససేమిరా కూడదు. గడ్డం, తల పట్టుకుని ఒక్కసారిగా తిప్పితే టప్పుమన్న చప్పుడు వస్తుంది, కాసేపు తేలికగా కూడా అనిపిస్తుంది. కానీ ఆ విసురుకు బాగున్న మెడలోనే రక్తనాళం చిరిగిన సందర్భాలు ఉన్నాయి. మీ వారికి అలవాటు ఉంటే ఆయనను కూడా మాన్పించండి, ఆయనా అదే కార్లో ఉన్నారు కదా.

పుత్తూరు కట్టు మీద మన జిల్లాల వాళ్ళకు తరాల నమ్మకం ఉంది. చెయ్యి బెణికినా, కాలు విరిగినా అటే బయలుదేరతాం. మీ చిన్నమామగారు కూడా మీ మేలు కోరే చెబుతున్నారు. ఆయనకు ఇలా చెప్పి చూడండి: కట్టు పని చేసేదే కదలకుండా పట్టి ఉంచడం ద్వారా. మీ మెడకు కావాల్సింది అందుకు సరిగ్గా ఎదురు, కదలిక. ఎముక విరిగిన మెడ అయితే అది వెన్నుపాముతో ముడిపడిన వ్యవహారం, దాన్ని ఆసుపత్రి బయట ఎవరూ ముట్టుకోకూడదు. రెండు విధాలా మెడకు కట్టు పనికిరాదు.

కాలర్‌కూ ఇదే లెక్క. ఎముక బాగున్న మెడకు కాలర్ వేస్తే మహా అయితే మొదటి రెండు మూడు రోజులే. మీకు పన్నెండు రోజులయింది. కాలర్‌లో ఉన్న కండరాలకు పని లేక బలం తగ్గుతుంది, కీళ్ళు బిగుసుకుంటాయి. తీయగానే ఆ బలహీనతే నొప్పిగా తెలుస్తుంది, 'ఇంకా మానలేదు' అనుకుని మళ్ళీ పెట్టుకుంటారు. మీ భయం అక్కడినుంచే వచ్చింది, మీ తప్పు కాదు. ఈ రాత్రి నుంచి నిద్రలో తీసేయండి. రేపు, ఎల్లుండి పగలు గంటకు అరగంట తీసి ఉండండి. మూడో రోజు ఇంట్లో పూర్తిగా మానేసి, బయటికి వెళ్తేనే పెట్టుకోండి. ఐదో రోజుకు అటక మీద పెట్టేయండి.

కాలర్ తీసిన సమయంలో చేయాల్సినవి ఇవి. వెల్లకిలా పడుకుని తల కింద పలుచటి దిండు పెట్టుకోండి. తలను దిండు మీదే ఆనించి కుడికి, ఎడమకు మెల్లగా దొర్లించండి, నొప్పి మొదలయ్యే చోటుదాకే. రెండు వైపులా 10 సార్లు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి. రోజుకు ఒక్కసారి ఎక్కువసేపు చేయడంకంటే గంటగంటకూ కొంచెం చేయడమే మేలు. రెండు మూడు రోజుల్లో కూర్చుని కూడా చేయగలుగుతారు.

ఇది కుదిరాక రెండోది. అలాగే పడుకుని, తల ఎత్తకుండా, 'ఊఁ' అని తలాడించినంత కొద్దిగా గడ్డం లోపలికి దించి 5 సెకన్లు ఆపండి. 10 సార్లు, పొద్దున సాయంత్రం. గొంతు రెండు పక్కలా వేళ్ళు ఆనించి చూసుకోండి, అక్కడి పెద్ద కండరాలు తాళ్ళలా లేస్తే మీరు ఎక్కువ బలం పెడుతున్నట్టే. ఈ వ్యాయామం మెడ లోపలి చిన్న కండరాలకు, ప్రమాదం తర్వాత ముందు నీరసించేవి అవే. చూడటానికి ఏమీ చేయనట్టు ఉంటుంది కాబట్టి చాలామంది మధ్యలో వదిలేస్తారు. మీరు ఆరు వారాలు వదలకండి.

మూడోది కూర్చుని. భుజాలు చెవులవైపు లేవకుండా రెండు రెక్కలను వెనక్కి, కిందికి లాగి 10 సెకన్లు, 10 సార్లు. వారం తర్వాత, అరచేతిని తల పక్కన పెట్టి, తల కదలకుండా చేతిని కొద్దిగా నెట్టడం కలపండి. పూర్తి బలంలో పదో వంతు చాలు, 5 సెకన్లు, నాలుగు వైపులా ఐదేసి సార్లు.

చేశాక కాస్త నొప్పి పెరిగి అరగంటలో తగ్గితే సరైన మోతాదులో ఉన్నారు. మరునాటి పొద్దుటిదాకా ఉంటే మానకండి, సగానికి తగ్గించండి. తలను గుండ్రంగా తిప్పడం, శీర్షాసనం, సర్వాంగాసనం, మత్స్యాసనం మూడు నెలలు పక్కన పెట్టండి. ప్రాణాయామానికి అభ్యంతరం లేదు. రోజూ 20, 30 నిమిషాలు చేతులూపుతూ నడవండి. మెడకు నడకంత మంచి మందు తక్కువ.

ఇన్ని రోజులయ్యాక ఐసుకంటే కాపడమే హాయి. వేడినీళ్ళ బ్యాగును తువ్వాలు చుట్టి 15 నిమిషాలు, వ్యాయామానికి ముందు పెట్టుకోండి. మాత్రల విషయంలో ఒక పొరపాటు చాలా ఇళ్ళలో జరుగుతుంది. నొప్పికీ బిగుతుకూ కలిపి ఇచ్చే మాత్రల్లో చాలావాటిలో ఏసిక్లోఫినాక్, క్లోర్‌జోక్సజోన్‌తో పాటు 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ కూడా ఉంటుంది. అది తెలియక తలనొప్పికని పైన పారాసెటమాల్ 650 వేసుకుంటూ పోతారు. స్ట్రిప్పు వెనక చదివి రోజు మొత్తం లెక్క కట్టండి. ఏ మాత్ర ద్వారా వచ్చినా పారాసెటమాల్ రోజుకు 3 గ్రాములు దాటకుండా చూసుకోండి. పన్నెండు రోజులు ఏసిక్లోఫినాక్ వాడి ఉంటే ఇక మీ డాక్టరును అడిగి ఆపండి. బిగుతు తగ్గించే మందుకు మత్తు ఉంటుంది, అది వేసుకున్నన్నాళ్ళూ బండి నడపకూడదు. తలకింద ఒక్క దిండే, బోర్లా పడుకోవద్దు.

స్కూలుకు వచ్చే వారమే వెళ్ళవచ్చు. పూర్తిగా తగ్గాక వెళ్దామని ఇంట్లో కూర్చుంటే తగ్గడమే ఆలస్యమవుతుంది. బోర్డు పైభాగంలో రాయకండి, మెడ ఎత్తి చెయ్యి పైకి లేపడం ఇప్పుడు మీకు అన్నిటికంటే కష్టమైన పని. కళ్ళకు ఎదురుగా ఉన్నంతవరకే రాసి తుడవండి. నోటుపుస్తకాలు దిద్దేటప్పుడు కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టి ఏటవాలుగా చేసుకోండి, 20 నిమిషాలకోసారి లేవండి. స్కూటీ మాత్రం ఆగాలి. రెండు వైపులా వెనక్కి తిరిగి బండ్లు చూడగలిగితేనే అది నడపాలి, పైగా కిలోకు పైన ఉండే హెల్మెట్ బరువు, గుంతల కుదుపు కూడా మెడే మోయాలి.

ఎక్కువమందికి మొదటి ఆరు వారాల్లో మంచి మార్పు కనిపిస్తుంది, మూడు నెలల్లో చాలావరకు తగ్గిపోతుంది. కొందరికి ఇంకా పడుతుంది. మొదట్లో నొప్పి బాగా ఎక్కువగా ఉన్నవాళ్ళు, కదిలితే ఏమవుతుందోనని బెదిరినవాళ్ళు, నిద్ర పట్టనివాళ్ళు నెమ్మదిగా కోలుకుంటారు. నాలుగు వారాలకు సగం కూడా తగ్గకపోతే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళండి. పైన పెట్టే కరెంటు కాపడంతో సరిపెట్టి పంపేవారు కాకుండా, మీతో దగ్గరుండి వ్యాయామం చేయించేవారిని వెతుక్కోండి. ఆరు వారాలు దాటినా తీవ్రంగానే ఉంటే అప్పుడు ఎమ్మారై గురించి డాక్టరుతో మాట్లాడవచ్చు. అందులో 'డిస్క్ ఉబ్బింది' అని రాసినా కంగారు వద్దు, నొప్పి లేనివాళ్ళలో కూడా అది సాధారణం. వెనక హారన్ వినిపిస్తే ఉలిక్కిపడటం, కలలో ఆ వ్యానే రావడం ఒక నెల దాటి ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పండి. దానికీ చికిత్స ఉంది, అది తగ్గితే మెడా తేలికపడుతుంది.

పరిహారం సంగతి మీరు అడగలేదు కానీ, ఓపీ చీటీలో ప్రమాదం తేదీ, 'వెనకనుంచి వాహనం ఢీకొనడం వల్ల' అన్న మాట రాయించుకోండి. మీ అత్తగారి చీటీలో కూడా. ఎఫ్ఐఆర్ నకలు, బిల్లులు, స్కాన్లు ఒక ఫైలులో పెట్టండి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు చట్టంలో ఉన్న గడువు ఆరు నెలలు.

కారును షెడ్డుకు పంపినప్పుడు సీట్ల వీపులు, కింది పట్టాలు వంగాయేమో చూడమనండి. ముందు సీట్ల హెడ్‌రెస్టులు చాలా కార్లలో కొన్ననాడు ఉన్నట్టే అడుగున దిగి ఉంటాయి. పక్కనున్న మీట నొక్కి, దాని పై అంచు మీ నడినెత్తికి సమంగా వచ్చేదాకా పైకి లాగండి. తల వెనకకూ దానికీ మధ్య దూరం మూడు వేళ్ళ వెడల్పు, అంటే 5 సెంటీమీటర్లు దాటకూడదు. సీటు మరీ వెనక్కి వాలిస్తే, నడుముకు లావు దిండు పెడితే ఆ దూరం పెరిగిపోతుంది. చాలా కార్లలో వెనక సీటు మధ్యలో హెడ్‌రెస్టే ఉండదు. మీ అత్తగారిని ఇకమీదట పక్క సీట్లో, తలకు ఆనుడు ఉన్నచోట, బెల్టు పెట్టి కూర్చోబెట్టండి.